లైట్‌హౌస్ తాత కోటు

"ముందు ఆ ఇస్త్రీపెట్టె ఆపండయ్యా, చొక్కా మాడిపోతోంది."

చేతులకి సంకెళ్ళు పడుతున్నా లాండ్రీ బాబాయి చూపు బల్లమీదే ఉంది. కానిస్టేబుల్ కంగారుగా గోడ దగ్గరికి పరుగెత్తి ఒక ప్లగ్గు పీకాడు. మూలనున్న వాషింగ్ మెషిను ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె కింద నుంచి పొగ మాత్రం లేస్తూనే ఉంది.

రెండో ప్లగ్గు పీకింది అప్పుడే గుమ్మం దాటి లోపలికొచ్చిన డిటెక్టివ్. పెట్టెని నిలబెట్టి, చొక్కా ఎత్తి చూసింది. వీపు మీద గోధుమరంగు త్రికోణం పడింది.

"ఎవరిది బాబాయ్?"

"మీ ఆయనదేనమ్మా."

"పోనీలే. ఆ గళ్ళు నాకెప్పుడూ నచ్చలేదు."

చొక్కా మడిచి పక్కన పెట్టి అప్పుడు సంకెళ్ళ వైపు చూసింది. వాటి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడిన ఇన్‌స్పెక్టర్ ముఖం చిట్లించాడు. అతను ఆమెకి స్వయానా మరిది. పోలీసు స్టేషనులో అతనికి ఎదురు లేదు. వదిన కనబడితే మాత్రం గొంతు ఒక మెట్టు దిగుతుంది, ఆ సంగతి దాచడానికి ఇంకో రెండు మెట్లు పెంచుతాడు.

"వదినా, ఇది పోలీసు వ్యవహారం. మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"పిన్ని ఫోన్ చేసింది. బాబాయిని తీసుకెళ్ళిపోతున్నారు, ముప్ఫై ఏళ్ళ షాపు ఈ రోజుతో సరి అని ఏడ్చింది. నువ్వు పద్ధతిగా చెయ్యి, నేనేం అడ్డురాను. రెండు ప్రశ్నలు అడుగుతాను."

"డ్యూటీలో ఉన్నప్పుడు నన్ను ఇన్‌స్పెక్టర్ గారూ అనండి."

"సరే ఇన్‌స్పెక్టర్ గారూ. కోటు గుండీ కొత్తగా కుట్టించినట్టున్నావు, బాగుంది."

అతను తెలియకుండానే తన యూనిఫారం కోటు మూడో గుండీ తడుముకున్నాడు. "అమ్మ నిన్న కుట్టింది," అన్నాడు. తర్వాత తనమీద తనకే కోపం వచ్చినట్టు కానిస్టేబుల్ మీద అరిచాడు. "నిలబడి చూస్తావేం? ఆ మెషిను ప్లగ్గు మళ్ళీ పెట్టు."

విషయం ఇది. డెబ్భై ఏళ్ళ కిందట ఒక తుపాను రాత్రి లైట్‌హౌస్ దీపం ఆరిపోతే, దాని కాపరి చేత్తో లాంతరు ఊపుతూ తెల్లవార్లూ రాళ్ళమీద నిలబడ్డాడు. ఒక ఓడనిండా జనం ఆ లాంతరు చూసే ఒడ్డు చేరారు. ఆ రాత్రి లైట్‌హౌస్ తాత ఒంటిమీదున్న నీలం ఉన్ని కోటు ఊరి మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంటుంది. ఇద్దరు సంపన్నులు ఇల్లు కొన్నంత ఖరీదు ఇస్తామన్నా మ్యూజియం అమ్మలేదు. కొత్త గది ప్రారంభం ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికి. దానికోసం కోటు సోమవారం లాండ్రీకి వెళ్ళింది, నిన్న సాయంత్రం తిరిగొచ్చింది. ఈ ఉదయం వస్త్ర నిపుణుడు పరీక్షించి ఇది అసలు కోటు కాదని తేల్చాడు.

"అసలుది వెళ్ళింది, నకిలీది వచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మధ్యలో ఉన్నది ఈయనొక్కడే. దీనికి డిటెక్టివ్ ఎందుకు, లెక్కల మాస్టారు చాలు."

డిటెక్టివ్ స్టూలు లాక్కుని లాండ్రీ బాబాయికి ఎదురుగా కూర్చుంది.

"కోటు ఎవరు తెచ్చారు బాబాయ్?"

"క్యూరేటరమ్మే. షట్టరు ఎత్తగానే కారులో తెచ్చింది. పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులమీదా పట్టుకొచ్చింది."

"నువ్వు తీసుకోగానే ఏం చేశావు?"

"అందరి బట్టలకీ చేసేదే. జేబులు తిరగేసి దులిపాను."

"ఆవిడ ముందరేనా?"

"ఎవరిదైనా వాళ్ళ ముందరే దులుపుతాను. వెనకటికి ఒకావిడ, జేబులో చెవిపోగు ఉంది, నువ్వే మింగావు అని నానా రాద్ధాంతం చేసింది. అది వాళ్ళింట్లో సోఫా కింద దొరికిందనుకో. ఆరోజునుంచీ జేబులో ఏది రాలినా, దుమ్మయినా సరే, పొట్లం కట్టి అతికించి, అంటించిన చోట వాళ్ళచేత సంతకం పెట్టించుకుంటాను. పొట్లం హ్యాంగరుకే పిన్ను పెట్టి వెనక్కి పంపిస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు."

"ఈ కోటు జేబులో ఏం రాలింది?"

"పెద్దగా ఏం లేదు. కాస్త తెల్లపొడి, ఒక దారం ముక్క."

డిటెక్టివ్ స్టూలు ఇన్‌స్పెక్టర్ వైపు తిప్పింది. తన స్వెటర్ జేబులో చెయ్యి పెట్టి, అడుగుమూల గోకి, బయటికి తీసింది. వేలి చివర బూడిదరంగు నూగు ఉండ, ఒక బస్సు టికెట్టు పేలిక.

"నా జేబు వయసు మూడేళ్ళు," అంది. "దీంట్లోనే ఇంత ఉంది. డెబ్భై ఏళ్ళ జేబులో తెల్లపొడి తప్ప ఏమీ లేదట. నీకు వింతగా లేదూ?"

"జేబులో చెత్త కోసం అరెస్టు ఆపమంటారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆపమనలేదు. ఇప్పుడు పది దాటింది. పన్నెండింటికి నువ్వు మైకుల ముందు నిలబడి దొంగని పట్టేశామని చెప్తావు. అప్పటిదాకా బాబాయిని స్టేషనుకి కాకుండా మ్యూజియంకి తీసుకురా. ఆ కోటు నన్నొక్కసారి చూడనీ. నేను పొరబడితే, నీ వెంట పడను."

"అది చాలదు."

"పొరబడితే, మీ అమ్మతో ముందు నేనే మాట్లాడతాను."

ఇన్‌స్పెక్టర్ చేతిలో తిరుగుతున్న తాళంచెవి ఆగింది. నెలరోజులుగా ఆ అత్తాకోడళ్ళకి మాటల్లేవు. అత్తగారికి నాటకాల వాళ్ళకి దుస్తులు కుట్టే టైలరింగు షాపు ఉంది. ఆవిడ కుట్టిన ఒక జాకెట్టు చూసి డిటెక్టివ్ 'ఫరవాలేదు' అన్నదట. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇల్లు రెండయింది. మధ్యలో నలిగిపోతున్నది అన్నదమ్ములిద్దరూ.

"జీపెక్కు బాబాయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

*

మ్యూజియం వెనకగదిలో పొడవాటి బల్ల, బల్లమీద తెల్లగుడ్డ. గుడ్డమీద లైట్‌హౌస్ తాత టోపీ, లాంతరు ఉన్నాయి. కోటు మాత్రం ఆ వరసలో లేదు. పొడుగ్గా, నున్నగా దువ్వుకున్న వస్త్ర నిపుణుడు దాన్ని మోచేతిమీద వేసుకుని నిలబడ్డాడు. అతని పైజేబులో తెల్ల గ్లౌజులు చేతిరుమాలులా మడతపెట్టి ఉన్నాయి. క్యూరేటర్ ఒక మూల కుర్చీలో కూలబడి ఉంది. ఆవిడ చేతులకి గ్లౌజులు ఇంకా తీయనేలేదు.

"ఈమె ఎవరు?" అన్నాడు నిపుణుడు.

"మా వదిన," అన్నాడు ఇన్‌స్పెక్టర్, సర్దుకుని, "ప్రైవేటు డిటెక్టివ్."

"ఓహో, కుటుంబ సమేతంగా వచ్చారన్నమాట."

డిటెక్టివ్ నవ్వి, టోపీ వైపు చెయ్యి చాచింది. నిపుణుడు దెబ్బతిన్నట్టు ముందుకొచ్చాడు.

"ముట్టుకోకండి. వట్టి చేతుల్లో చెమట, జిడ్డు ఉంటాయి. పాత ఉన్నికి అవి విషం. గ్లౌజులు లేకుండా ఏ పాత వస్తువునీ ముట్టుకోకూడదని ఈ గదిలో మొదటి పాఠం."

"క్షమించండి. మరి కోటు?"

"ఇదా? దీనికి మర్యాదలెందుకు? ఇది నిన్నమొన్నటి మిల్లు బట్ట. చవకరకం. ఏ ఫుట్‌పాత్ మీదో కొని, రంగు వేసి, లాండ్రీవాడు మన నెత్తిన పెట్టాడు."

గుమ్మం దగ్గర కానిస్టేబుల్ పక్కన కూర్చున్న లాండ్రీ బాబాయి తల వంచుకున్నాడు.

"చవకరకమేనా, చూద్దాం," అంటూ డిటెక్టివ్ కోటు అందుకుని బల్ల ఇంకో చివర పరిచింది. గుండీలన్నిటికీ చిన్న గుడ్డముక్కలు చుట్టి దారంతో కట్టి ఉన్నాయి. ఉతికేటప్పుడు చిట్లకుండా లాండ్రీ బాబాయి కట్టినవి. నిపుణుడు వాటిని విప్పే శ్రమ కూడా తీసుకోలేదు.

ఆమె బట్టని రెండు వేళ్ళమధ్య నలిపింది. కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకుంది. మందంగా, దుప్పటిలా ఉంది. వెలుతురు ఒక్క చుక్క కూడా అవతలినుంచి రాలేదు. అడుగు మడత లోపల, కుట్టుకి అవతల మిగిలిన అంచుని గోటితో గీరింది. పోగులు ఊడిరాలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, అగ్గిపెట్టె."

"నేను సిగరెట్లు మానేశానని అందరికీ తెలుసు."

"ఎడమ జేబు."

అతను గోడవైపు చూస్తూ అగ్గిపెట్టె తీసి ఇచ్చాడు. కానిస్టేబుల్ దగ్గు దాచుకున్నాడు.

అంచునుంచి సూదితో లాగిన నూగుని ఆమె పట్టకారుతో పట్టుకుని వెలిగించింది. మంట పట్టీపట్టనట్టు పట్టి, ముడుచుకుని, తనంతట తనే ఆరిపోయింది. జుట్టు కాలిన కంపు గదంతా కొట్టింది. మిగిలిన నల్లటి ముద్దని వేళ్ళతో నొక్కితే పొడిపొడి అయిపోయింది.

"ఇది నూటికి నూరుపాళ్ళు ఉన్ని," అంది. "పాలిస్టరు కలిసి ఉంటే కరిగి పూసలా గట్టిపడేది. పైగా మామూలు ఉన్ని కాదు. నేసిన తర్వాత వేడినీళ్ళలో బాగా తొక్కించి, నేత కనబడనంతగా బిగిస్తారు. గాలి దూరదు, వాన ఒక పట్టాన దిగదు. ఓడలవాళ్ళ కోట్లకి వాడే మెల్టన్. మడత లోపలి రంగు చూడండి, ముదురు నీలం. పైన వెలిసిపోయింది. రంగు వేసిన బట్టయితే లోపలా బయటా ఒకటే ఉండేది. ఇలా వెలిసిపోవడానికి ఏళ్ళు పట్టాయి. చవకరకమన్నారే, ఇంత మంచి బట్ట ఈ మధ్య నేను చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచాడు. "అయితే ఇది అసలు కోటేనా? దొంగతనమే జరగలేదా?"

"అలాగే ఉంది మరి," అంది క్యూరేటర్, కుర్చీలోంచి సగం లేచి.

నిపుణుడి ముఖంలో ఒక్క క్షణం రంగు మారింది. "అసాధ్యం. ఇది నకిలీ. నా మాట మీద నిలబడతాను."

"తొందరపడకండి, మీ మాట సగం నిజమే," అంది డిటెక్టివ్. ఈసారి లైనింగు లోపల, కాలరు కింద, భుజం దగ్గర మూడుచోట్ల కుట్టునుంచి దారం తుంపింది. ఒక్కొక్కటే వెలిగించింది. మూడూ కరిగి, చివర్లో ఆవగింజంత గట్టి పూసలు కట్టాయి. "దారం పాలిస్టరు. డెబ్భై ఏళ్ళ కిందట ఈ దారం ఏ టైలరు డబ్బాలోనూ లేదు. ఒక్కచోట ఉంటే తర్వాత ఎవరో బాగుచేశారనుకోవచ్చు. కోటంతా ఇదే దారం. అంటే బట్ట ముసలిది, కోటు పసిది."

"పాత బట్టతో కొత్త కోటు కుట్టారంటారా?"

"చిమ్మటపురుగునే అడుగుదాం రా." ఆమె కోటు వీపు తిప్పి, నడిమి కుట్టు పక్కన ఒక కన్నం చూపించింది. "ఈ కన్నం సగమే ఉంది. కుట్టు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అవతలి ముక్క చెక్కుచెదరలేదు. ఏ పురుగైనా కుట్టుదాకా తిని, ఇక్కడ హద్దురాయి ఉంది అని వెనక్కి తిరుగుతుందా?"

లాండ్రీ బాబాయి అంతటి అవస్థలోనూ కిసుక్కున నవ్వాడు.

"పురుగు ముందు తింది, కత్తెర తర్వాత పడింది," అని ముగించింది. "రెండు పాత కోట్లు విప్పి, మంచి ముక్కలు ఏరి, ఒకటి కుట్టారు. చెయ్యి తిరిగిన పని. జేబు మూతలు, మోచేతి మీది రఫూ కుట్టు, అన్నీ అసలుదాన్ని పక్కన పెట్టుకుని కొలిచి కుట్టినవి. అద్దాల పెట్టె బయటనుంచి చూసి ఇలా కుట్టలేరు."

"లాండ్రీవాడికి మూడురోజులు దొరికాయి కదా," అన్నాడు నిపుణుడు.

"దొరికాయి. అందుకే పొట్లం కావాలి."

క్యూరేటర్ సొరుగు తెరిచింది. హ్యాంగరునుంచి తీసి పడేసిన పొట్లం అక్కడే ఉంది. "పారేద్దామనుకుని మర్చిపోయాను," అందావిడ. అంటించిన చోట అడ్డంగా ఉన్న సంతకం తనదేనని ఒప్పుకుంది. సోమవారం ఉదయం, కౌంటరు దగ్గర, కోటు లోపలికి వెళ్ళకముందే పెట్టింది. అతుకు చెక్కుచెదరలేదు.

డిటెక్టివ్ పొట్లం విప్పి తెల్లకాగితం మీద వంచింది. చిటికెడు తెల్లపొడి, గోరంత దారం ముక్క. పొడిని వేలితో అద్ది కోటు మీద గీసింది. తెల్లగీత పడింది.

"టైలరు సుద్ద," అంది. దారం ముక్క వెలిగించింది. పూస కట్టింది. "జేబు కుట్టినప్పుడు లోపల పడిపోయిన చెత్త. బాబాయి చేతికి వచ్చేటప్పటికే ఇది కొత్త కోటు, ఇన్‌స్పెక్టర్ గారూ. దొంగతనం సోమవారానికి ముందే జరిగింది."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ పది. పాతికేళ్ళ వయసులో అన్నగారితో చదరంగం ఓడిపోయినప్పుడు ఎలా ఉండేవాడో ఇప్పుడూ ముఖం అలాగే పెట్టాడు.

"సోమవారానికి ముందు కోటు ఎవరి దగ్గర ఉంది?" అన్నాడు.

"అద్దాల పెట్టెలో," అన్నాడు నిపుణుడు వెంటనే. "పెట్టె తాళాలు క్యూరేటర్ గారివి."

"అంతకుముందు పదిరోజులు మీ గదిలో ఉంది," అంది క్యూరేటర్. "వయసు నిర్ధారిస్తానని మీరే పట్టుకెళ్ళారు. తెచ్చాక, ఉతికించండి అన్నదీ మీరే."

"తెచ్చినప్పుడు మీరు చూసి తీసుకున్నారు. బాగుందన్నారు. ఇప్పుడు బురద నామీద చల్లితే ఎలా? తాళం మీదే, లాండ్రీకి మోసిందీ మీరే."

వాళ్ళిద్దరి మాటలూ పైపైకి వెళ్తుంటే డిటెక్టివ్ నిపుణుడి పైజేబు వైపే చూస్తోంది.

"అమ్మా," అంది క్యూరేటర్‌తో, "ఈ ఉదయం కోటు కవరులోంచి ఎవరు తీశారు?"

"ఆయనే. తొమ్మిదింపావుకి. నేను ఎదురుగా ఉన్నాను."

"తీసేటప్పుడు గ్లౌజులు తొడుక్కున్నారా?"

క్యూరేటర్ ఆలోచించింది. "లేదు. జిప్పు లాగి, వట్టి చేతుల్తో పట్టి బయటికి లాగారు. నాకు గుండె ఝల్లుమంది, అడుగుదామనుకున్నాను. ఈలోపలే ఇది నకిలీ అనేశారు, ఇంక ఆ మాట మర్చిపోయాను."

"గ్లౌజుల విషయంలో మీకెంత పట్టింపో ఇందాకే చూశాను," అంది డిటెక్టివ్ నిపుణుడితో. "టోపీ మీద నా వేలు పడబోతేనే ఉలిక్కిపడ్డారు. ఆ కవరు తెరవకముందు, లోపల ఉన్నది డెబ్భై ఏళ్ళ కోటని ఊరంతా నమ్ముతోంది. క్యూరేటరమ్మ నమ్మింది, ఆవిడ గ్లౌజులు ఇంకా తీయలేదు. మీ గ్లౌజుల మడత మాత్రం పొద్దున్నించీ విప్పలేదు. చూడకముందే అది నకిలీ అని మీ చేతులకి ఎలా తెలిసింది?"

నిపుణుడు నవ్వాడు. చాలా బాగా నవ్వాడు.

"అద్భుతం. గ్లౌజులు మర్చిపోయినందుకు దొంగనయ్యాను. కోర్టులో జడ్జిగారు కూడా ఇలాగే నవ్వుతారు."

"మరి పాత మెల్టన్‌ని కొత్త మిల్లు బట్ట అనడం? ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న మీరు?"

"పొరపాటు. మనిషన్నాక పొరపడతాడు."

"బట్ట పాతదని చెప్తే, పాత బట్టలు సేకరించేవాళ్ళెవరని వెతుకుతాం. కొత్తదంటే లాండ్రీ దగ్గరే ఆగిపోతాం. మంచి పొరపాటే."

ఇన్‌స్పెక్టర్ ఆమెని పక్కకి లాగాడు. "వదినా," అన్నాడు గొంతు తగ్గించి, "నాకూ అర్థమవుతోంది. కానీ గ్లౌజు తొడుక్కోలేదని ఎవర్నీ అరెస్టు చెయ్యలేను. ఆయన పదిరోజులంటాడు, ఈవిడ తాళాలంటుంది. కుట్టినవాడు దొరకాలి. ఊళ్ళో వంద మంది టైలర్లు. పన్నెండులోపల అవుతుందా?"

"గుండీలు ఇంకా చూడలేదు," అంది.

ఆమె కోటు దగ్గరికి వెళ్ళి, లాండ్రీ బాబాయి కట్టిన గుడ్డముక్క ఒకటి విప్పింది. నల్లటి పెద్ద గుండీ, నాలుగు కన్నాలు. మామూలుగా అయితే దారం అడ్డంగా రెండు గీతలో, ఇంటూ గుర్తో ఉంటుంది. ఇక్కడ ఒక కన్నంలోంచి మిగిలిన మూడింటికీ మూడు పాయలు విడిపోయాయి, అచ్చం కాకికాలులా. గుండీ ఎత్తి కింద చూసింది. కాడ చుట్టూ దారం ఎడమచేతి వాటంగా చుట్టి, ముడి బట్ట పొరల మధ్యకి తోసేసి ఉంది.

రెండో గుడ్డ విప్పింది. కాకికాలు. మూడోదీ అంతే.

డిటెక్టివ్ నెమ్మదిగా తలెత్తి మరిది ఛాతీ వైపు చూసింది.

"ఏమిటలా చూస్తున్నారు?"

"దగ్గరికి రా."

అతను వచ్చాడు. ఆమె అతని యూనిఫారం కోటు మూడో గుండీని వేలితో పైకెత్తి, బల్లమీది గుండీ పక్కన పెట్టినట్టు చూపించింది. కాకికాలు పక్కన కాకికాలు. ఎడమచేతి చుట్టు పక్కన ఎడమచేతి చుట్టు.

ఇన్‌స్పెక్టర్ చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఇలా చాలామంది కుడతారేమో," అన్నాడు.

"ఊళ్ళో గుండీలన్నీ ఊడిపోతాయి, నా కాకికాలు ఊడదు అని పెళ్ళయిన కొత్తలో నాకు పదిసార్లు చెప్పిన మనిషి ఒక్కరే ఉన్నారు. పందెం నువ్వు గెలవలేదు కానీ, ఆ ఫోను నేను చెయ్యక తప్పదు."

ఆమె ఫోను తీసి స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచింది. నాలుగు రింగుల తర్వాత కుట్టుమిషను చప్పుడు వినబడి, ఆగింది.

"ఎవరూ?"

"నేనత్తయ్యా."

"రాంగ్ నంబరు," అంది అత్తగారు. కానీ ఫోను పెట్టెయ్యలేదు.

"అత్తయ్యా, ఆ జాకెట్టు ఫరవాలేదు అన్నాను చూడండి. అది తప్పు. చాలా బాగుంది. ఇక్కడ పోలీసుల ముందు చెప్తున్నాను."

"పోలీసులా? ఎవరు, మా వాడేనా?"

"నేనేనమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నీరసంగా.

"విన్నావుగా. సాక్షివి నువ్వే. ఊఁ, ఏం కావాలే?"

"ఈ మధ్య ముదురు నీలం ఉన్నికోటు ఏమైనా కుట్టారా? పాత కోట్లు విప్పి?"

"కుట్టకేం. పోయిన నెలే ఒకటి ఇచ్చేశాను. నాటకానికట, అచ్చుగుద్దినట్టు ఉండాలన్నాడు. చూసినవాడి కళ్ళు తిరగాలి. ఇప్పుడు రెండోది కత్తిరిస్తున్నాను."

"రెండోదా?"

"అవునే. ఇంకోటి కూడా అచ్చం అలాగే కావాలన్నాడు. ఎందుకని నేనడగలేదు."

డిటెక్టివ్ మనసులో లెక్క సరిపోయింది. కోటు అడిగిన సంపన్నులు ఇద్దరు. ఒకరికి అసలు, ఒకరికి నకలు, మ్యూజియానికి ఇంకో నకలు. మ్యూజియంలోది నకిలీ అని ఊరికి తెలిస్తేనే, కొన్న ఇద్దరూ ఎవరికి వారు తమదే అసలుదని నమ్ముతారు. దురాశ లేకపోతే ఈ పాటికి దొంగసొత్తు ఊరు దాటేది.

"అత్తయ్యా, చూసి కుట్టమని ఇచ్చిన అసలు కోటు ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, నా దగ్గరే, కుర్చీ మీద. మొన్న మీ మరిది వచ్చి దానిమీదే కూర్చుని కాఫీ తాగాడు. లెమ్మన్నా లేవలేదు."

క్యూరేటర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. లాండ్రీ బాబాయి పైకప్పు చూశాడు. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం వేరు, పిల్లమీద కూర్చుని వెతకడం వేరు. ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడి, తెల్లబడి, చివరికి ఒక నిర్ణయానికొచ్చినట్టు గట్టిపడింది.

నిపుణుడు రెండడుగులు గుమ్మం వైపు వేశాడు. "నాకు ప్రారంభోత్సవం పనులున్నాయి," అన్నాడు. కానిస్టేబుల్ లేచి తలుపు మూసి, దానికే ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజు అతను సరిగ్గా చేసిన మొదటి పని అదే.

ఇన్‌స్పెక్టర్ లాండ్రీ బాబాయి దగ్గరికి నడిచాడు. తాళంచెవి తిప్పి సంకెళ్ళు విప్పాడు. "క్షమించు బాబాయ్," అన్నాడు, అందరికీ వినబడేలా. బాబాయి మణికట్లు రుద్దుకుంటూ, "షాపు తాళం వెయ్యకుండా వచ్చాను బాబూ," అన్నాడు.

విప్పిన సంకెళ్ళు చేతిలోనే పట్టుకుని ఇన్‌స్పెక్టర్ ఫోను మీదికి వంగాడు.

"అమ్మా, బాగా ఆలోచించి చెప్పు. ఆ కోటు నీకు తెచ్చిచ్చింది ఎవరు?"

"ఆలోచించడానికేముందిరా? మ్యూజియంలో బట్టలు పరీక్ష చేస్తాడే, ఆ నిపుణుడు. తెల్ల గ్లౌజులు తొడుక్కునొచ్చి నా బల్లమీద దుమ్ముందన్నాడు, ఎలా మర్చిపోతాను? అక్కడే ఉంటే కాస్త చెప్పు, రెండోదానికి రెండు గుండీలు తక్కువిచ్చాడు."